తరగవలసినది పూత

మా నాన్నగారి ప్రీమియర్ పద్మిని బానెట్ మీద, ముందు అంచుకు కాస్త పైన, రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉండేది. కారు రంగు నీలం, మచ్చ రంగు ఇటుక ఎరుపు. దాన్ని చేసింది నేనే.

1994 వేసవి సెలవులు. నాన్నగారు ఆ కారును రాజమండ్రిలో రెండో చేతి మీద కొన్నారు. కొన్న ఏడాదే షెడ్డులో ఇచ్చి డ్యూకో పెయింట్ వేయించారు. రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి నీలం మీద సున్నపు పొడిలాంటి తెల్లదనం కమ్మింది. వేలితో రాస్తే వేలికి అంటుకునేది. ఆయన ఊళ్ళో లేనప్పుడు మెరిపించి ఆశ్చర్యపరుద్దామని బజారుకు వెళ్ళి రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా కొన్నాను. పాత బనీను గుడ్డతో ఒక మధ్యాహ్నమంతా రుద్దాను. గుడ్డకు నీలం అంటుకుంటోంది. మురికి వదులుతోందనుకున్నాను. నిజంగానే బానెట్ అద్దంలా తేలింది. ఆ ఉత్సాహంలో మధ్యలో ఎత్తుగా ఉన్న గీర మీద మరికాస్త రుద్దాను. నీలం కరిగి, అడుగున రెడాక్సైడ్ బయటపడింది.

నాన్నగారు సాయంత్రం వచ్చి చూశారు. కోప్పడలేదు. "మెరుపు ఎక్కించాననుకున్నావు, తోలు ఒలిచావురా" అని మాత్రం అన్నారు.

ఆ మాటలోని శాస్త్రీయత నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని బోధపడలేదు. హైదరాబాదులో నేనొక కొత్త కారు తీసుకుంటున్నప్పుడు అమ్మే కుర్రవాడు ఒక కోటింగ్ గురించి చెప్పాడు. జీవితకాల రక్షణ అన్నాడు. గీత పడదన్నాడు. ఇక పాలిష్ అవసరమే ఉండదన్నాడు. అది దేనితో చేస్తారు, ఎంత మందాన ఉంటుంది, దేనినుంచి కాపాడుతుంది అని అడిగితే అతని దగ్గర సమాధానం లేదు. నా దగ్గరా లేదు. అప్పుడు మొదలుపెట్టిన చదువు ఇది. కారు రంగును కాపాడడానికి మనుషులు ఏయే కాలంలో ఏమేమి పూశారో తెలిస్తే, ఇవాళ ఏది పూయాలో తేల్చుకోవడం సులువవుతుందని నా నమ్మకం.

కథ కారుతో కాక గుర్రపుబండితో మొదలవుతుంది. తొలినాటి కార్లకు రంగు వేసినవారు గుర్రపు కోచ్‌లకు రంగు వేసినవారే. అవిసె నూనె, కోపల్ వంటి చెట్ల బంకలు కలిపి కాచిన వార్నిష్ వారి ప్రధాన ద్రవ్యం. మొదట ప్రైమర్, దాని మీద గరుకు పూరణ పూతలు, వాటిని ప్యూమిస్ రాయితో నున్నగా అరగదీయడం, ఆపైన రంగు, అన్నిటికీ పైన వార్నిష్. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కనుక ఒక్కొక్క పూతా రోజుల తరబడి ఆరాలి. మొత్తం పనికి వారాలు పట్టేది. ఆనాటి బండ్ల సంరక్షణ పుస్తకాలు ఒక హెచ్చరికను పదే పదే చేశాయి. గుర్రపుసాలకూ బండి నిలిపే గదికీ మధ్య గట్టి గోడ ఉండాలి, లేకపోతే పేడ, మూత్రాల నుంచి వచ్చే అమోనియా వార్నిష్‌ను పాడుచేస్తుంది. రంగుకు మొదటి శత్రువును మనిషి ఎండలోనూ వానలోనూ కాదు, తన గుర్రంలోనే గుర్తించాడన్నమాట.

ఆ యుగానికి ఆనవాలు మన హైదరాబాదులోనే ఒకటి ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దాన్ని తయారుచేయమని చెప్పి, అది చేతికందకుండానే 1911లో కన్నుమూశారు. ఆ కారు ఏడవ నిజాం కాలంలో నగరానికి చేరింది. దాని ఒడలు కట్టినవారు లండన్‌లోని బార్కర్ వారు, అంటే వంశపారంపర్యంగా కోచ్‌లు కట్టినవారు. ఏనుగు అంబారీకి వారసురాలిగా తయారైన ఆ కారు ముందు నిలబడినప్పుడు నాకు తోచింది ఒక్కటే. అలాంటి కారుకు ప్రత్యేకమైన మైనం అక్కరలేదు. దానికి నీడ ఉంది, చూసుకోవడానికి మనుషులు ఉన్నారు, తిరగవలసిన దూరం బహు స్వల్పం. రక్షణ అంటే అప్పట్లో డబ్బాలో దొరికే ద్రవ్యం కాదు, సేవకుల శ్రమ.

సామాన్యుడు కారెక్కిన తర్వాత ఆ ఏర్పాటు సాగలేదు. 1913లో ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక కారును బిగించడం గంటల పని అయింది. రంగు ఆరడం మాత్రం ఇతర కంపెనీల్లో చాలావాటికి వారాల పనిగానే మిగిలింది. ఆరుతున్న బళ్ళను నిలబెట్టడానికే పెద్ద పెద్ద షెడ్లు కావలసి వచ్చేవి. ఫోర్డ్ 1914 నుంచి 1925 దాకా మోడల్ టీని నలుపులోనే ఇచ్చాడన్నది అందరికీ తెలిసిన కథ. తారుజాతి ఆస్ఫాల్టు కలిసిన ఆ నల్ల ఎనామెల్ చౌక, గట్టిది. దాన్ని పొయ్యిలో కాల్చి ఆరబెట్టవచ్చు.

రంగుల లోకానికి తలుపు తెరిచింది డ్యూపాంట్ కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాల కోసం పత్తి నుంచి నైట్రోసెల్యులోజ్ తయారుచేసిన అనుభవం ఆ కంపెనీది. యుద్ధం అయిపోయాక ఆ పదార్థాన్నే లాకరుగా మార్చింది. దాని పేరు డ్యూకో. 1923లో జనరల్ మోటార్స్ తన ఓక్లండ్ కార్ల మీద నీలి రంగు డ్యూకోను వాడింది. వారాల ఎదురుచూపు గంటలకు దిగింది. ఈ పేరు మనకు కొత్తది కాదు. ఇవాళ్టికీ మన వడ్రంగులు తలుపులకూ బీరువాలకూ స్ప్రే కొట్టే నిగనిగల పెయింటును డ్యూకో అనే అంటారు. మా నాన్నగారి పద్మినికి షెడ్డులో పడిందీ ఆ జాతి రంగే.

కాని ఈ వేగానికి ఒక మూల్యం ఉంది. లాకరు ఆరినంత మాత్రాన మెరవదు. ఫ్యాక్టరీలోనే రుద్ది మెరుపు తెప్పించాలి. ఎండలో కొన్నాళ్ళున్నాక పై పొర చచ్చి పొడిగా మారుతుంది. నా వేలికి అంటుకున్న తెల్లదనం అదే. ఆ మృతపు పొరను తీసేస్తే కింద సజీవమైన రంగు కనిపిస్తుంది. మళ్ళీ కొన్నాళ్ళకు అదీ చస్తుంది. కనుక ఆ కాలపు కారు యజమానికి రెండు డబ్బాలు కావాలి. ఒకటి చచ్చిన పొరను గీకేది, రెండవది మిగిలిన పొరను కప్పేది. షికాగోలో పుట్టిన సైమనైజ్ కంపెనీ ఈ రెంటినీ జతగా అమ్మింది. అమెరికాలో ఆ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే కారును మైనంతో మెరిపించడానికి అదొక క్రియాపదమై నిఘంటువులకు ఎక్కింది. డ్యూకో అమ్మిన డ్యూపాంట్ కంపెనీయే డ్యూకో పేరు మీద పాలిష్ కూడా అమ్మింది. జబ్బూ మందూ ఒకే అంగట్లో దొరికాయని ఎత్తిపొడవనక్కరలేదు. ఆ రంగు స్వభావమే అంత.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు స్పష్టమవుతుంది. నేను రెండు డబ్బాల్లో మొదటిదాన్ని మాత్రమే కొన్నాను.

ఇక రెండవ డబ్బాలో ఏముందో చూద్దాం. తేనెమైనం మనిషికి అనాదిగా తెలుసు. కాని అది దాదాపు 62-64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మన మే నెల ఎండలో ముదురు రంగు బానెట్ ఆ వేడికి సులభంగా చేరుతుంది. ఇంతకంటే గట్టి మైనం ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక చెట్టు మీద ఉంది. దాని పేరు కర్నౌబా. సియరా, పియవీ, రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రాల్లో పెరిగే ఈ చెట్టును మనవాళ్ళు దూరం నుంచి చూస్తే తాటిచెట్టే అనుకుంటారు. విసనకర్ర లాంటి ఆకులు, నిటారైన మాను. వానలు సరిగా లేని ఆ నేల మీద, ఆకుల్లోని నీరు ఆవిరైపోకుండా చెట్టు తన ఆకులకు తానే మైనం పూసుకుంటుంది. పొడుగాటి గెడకు కొడవలి కట్టి ఆకులు కోస్తారు, ఎండబెడతారు, బాది పొడి రాలుస్తారు, ఆ పొడిని కరిగించి వడగడతారు. లేత ఆకుల నుంచి లేత పసుపు మైనం, ముదురు ఆకుల నుంచి ముదురు మైనం వస్తాయి. అది కరిగేది 82-86 డిగ్రీల దగ్గర. ఎండ నుంచి తన ఆకును కాపాడుకోవడానికి ఒక చెట్టు చేసుకున్న ఏర్పాటును మనిషి తీసుకెళ్ళి ఇనుప రేకు మీది రంగుకు పూశాడు.

శుద్ధమైన కర్నౌబా ఇటుకలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. దాన్ని చేత్తో పూయడం అసాధ్యం. డబ్బాలో వచ్చే ప్రతి ముద్దలోనూ మెత్తని మైనాలూ, టర్పెంటైన్ లేదా నాఫ్తా వంటి ద్రావకాలూ కలిసే ఉంటాయి. కనుక డబ్బా మీద "నూటికి నూరు పాళ్ళు కర్నౌబా" అని కనిపిస్తే, అందులోని కర్నౌబా కల్తీ లేనిదని అర్థం చేసుకోవాలే గాని, డబ్బా అంతా కర్నౌబాయే అని కాదు.

ఈ మైనం వెనుక ఒక తండ్రీ కొడుకుల కథ ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రసీన్‌లో 1886లో చెక్క నేలలు అమ్ముతూ మొదలైన జాన్సన్ కంపెనీ, ఆ నేలలను మెరిపించే మైనంతో పెద్దదయింది. ఆ మైనానికి ఆధారం కర్నౌబా. ఈ చెట్టు ఎంతకాలం సరిపడా మైనమిస్తుందో కళ్ళారా చూడాలని 1935లో ఆ కంపెనీ అధిపతి హెచ్.ఎఫ్. జాన్సన్ జూనియర్ నీటి మీదా నేల మీదా దిగగల సికోర్స్కీ విమానంలో బ్రెజిల్‌కు బయలుదేరాడు. విమానానికి కర్నౌబా అనే పేరు పెట్టాడు. ఆయన కొడుకు శామ్‌కు అప్పుడు ఏడేళ్ళు. 1998లో, డెబ్బయ్యేళ్ళ వయసులో, శామ్ జాన్సన్ అదే రకం విమానాన్ని మళ్ళీ కట్టించి, తన కొడుకులను వెంటబెట్టుకుని తండ్రి వెళ్ళిన దారిలో ఎగిరాడు. వ్యాపార చరిత్రలో ఇలాంటి పుటలు అరుదు. ఏడేళ్ళప్పుడు తండ్రి దేనికోసం అంత దూరం వెళ్ళాడో తెలుసుకోవడానికి ఆయనకు అరవై మూడేళ్ళు పట్టింది. నాకు ఈ కథ ఎందుకు నచ్చిందో వేరే చెప్పనక్కరలేదనుకుంటాను.

ఈ చెట్టు చరిత్రలో చీకటి పుట కూడా ఉంది. మిఠాయిల మెరుపుకు కూడా కర్నౌబా వాడతారు. 2017లో ఒక జర్మన్ టెలివిజన్ డాక్యుమెంటరీ ఈ మైనం కోతలో కూలీలు బానిసల్లా బతుకుతున్న స్థితిని లోకానికి చూపింది. బ్రెజిల్ కార్మిక తనిఖీ అధికారులు అలాంటి కూలీలను విడిపించిన సందర్భాలు కూడా ఉన్నాయి. నిజాం కారును తుడిచిన చేతులు కనీసం కళ్ళెదుట ఉండేవి. డబ్బాలోని మైనం వెనుక ఉన్న చేతులు మనకు కనిపించవు.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత రసాయనశాస్త్రం ఈ రంగంలోకి దిగింది. 1943లో ఏర్పడిన డౌ కార్నింగ్ వంటి కంపెనీలు తయారుచేసిన సిలికోన్లు యుద్ధానంతరం కారు పాలిష్‌లలోకి చేరాయి. మైనం పూసి, ఎండనిచ్చి, భుజాలు నొప్పెట్టేలా తుడిచే శ్రమను అవి తగ్గించాయి. సులువుగా పరుచుకున్నాయి, నీటిని బాగా తోసిపుచ్చాయి. కాని మళ్ళీ రంగు వేయవలసి వచ్చినప్పుడు వాటి అవశేషం మీద కొత్త పెయింటు నిలవక గుండ్రటి గుంటలు పడతాయి. షెడ్డు మేస్త్రీలు వీటిని "ఫిష్ ఐ" అంటారు, అంటే చేపకన్ను. పెయింటింగ్ షెడ్లలో సిలికోన్ పేరెత్తితే ఇప్పటికీ కస్సుమనడానికి కారణం ఇదే.

ఆ తర్వాత కృత్రిమ పాలిమర్లతో చేసిన సీలెంట్లు వచ్చాయి. మైనం రంగు మీద కూర్చుంటే, సీలెంటులోని అణువులు రంగును మరింత గట్టిగా పట్టుకుంటాయి. మైనం కొన్ని వారాల నుంచి రెండు నెలల దాకా ఉంటే, మంచి సీలెంటు నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. ఈ దశలోనే ప్రకటనల జోరూ పెరిగింది. కొందరు టెఫ్లాన్ పేరు చెప్పి అమ్మారు. 1938లో రాయ్ ప్లంకెట్ అనుకోకుండా కనుగొన్న ఆ పదార్థం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పెనం మీద అది అతుక్కున్నది తీవ్రమైన వేడితో. చల్లటి కారు రేకు మీద గుడ్డతో రాస్తే అది పొడిగానే మిగులుతుంది. పేరు గొప్పదే, పని చేయవలసిన చోటు వేరు.

అన్నిటికంటే పెద్ద మార్పు 1980లలో సర్వసాధారణమైంది. రంగు ఒక పొర, దాని మీద రంగులేని పారదర్శక పొర మరొకటి. దీన్నే క్లియర్ కోట్ అంటారు. ఇవాళ మనం నడిపే కార్లన్నిటికీ దాదాపుగా ఉన్నది ఇదే. ఇది లాకరులా పొడి రాలదు, అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే ద్రవ్యాలు ఇందులోనే కలిపి ఉంటాయి. అయితే దీని మందం ఎంత? సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పలచన. ఈ పొర ఒకసారి అరిగితే మళ్ళీ పెరగదు. దీన్ని రుద్దితే గుడ్డకు నీలం అంటుకోదు కనుక, ఎంత పోయిందో కంటికి తెలియదు కూడా. నాకు దొరికిన హెచ్చరిక ఈనాటి కుర్రవాడికి దొరకదు. లాకరు కాలపు గరుకు కాంపౌండుతో ఏటేటా రుద్దించే అలవాటు ఈ పొరకు మెల్లగా పనిచేసే విషం.

ఇక ఆ కుర్రవాడు చెప్పిన కోటింగ్ సంగతి. వీటిని సిరామిక్ అంటున్నారు గాని ఇవి కుండలూ పింగాణీ కావు. సిలికా ఆధారంగా తయారైన ద్రవాలు. రంగు మీద పూస్తే గాలిలోని తేమతో గట్టిపడి, గాజును పోలిన అతి పలచని పొరగా మారతాయి. మైనం కంటే, సీలెంటు కంటే ఎక్కువ కాలం ఉంటాయి. సరిగా వేస్తే ఏడాది నుంచి కొన్నేళ్ళ దాకా నిలుస్తాయి. రసాయనాలను బాగా తట్టుకుంటాయి, మురికి సులువుగా వదులుతుంది. ఇంతవరకూ నిజం. ప్రకటనలో కనిపించే 9 హెచ్ అన్న అంకె మాత్రం వజ్రాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్దది కాదు, పెన్సిళ్ళది. అన్నిటికంటే గట్టి పెన్సిలు ములికి గీత పెట్టలేదని మాత్రమే దాని అర్థం. ఇసుక రేణువు ముందు పెన్సిలు ఏపాటిది? రోడ్డు మీద ఎగిరే రాయిని ఈ పూత ఆపదు. పైగా వేసే ముందు రంగును పాలిష్ చేస్తారు. పాత గీతలు కోటింగ్ కింద శాశ్వతంగా ఉండిపోకూడదు కదా. అంటే ఆ పలచని క్లియర్ కోట్‌లో కొంత ఖర్చు చేసిన తర్వాతే రక్షణ మొదలవుతుంది.

ఇంత చరిత్రలో నాకు కనిపించిన సూత్రం ఒక్కటే. రంగు మూలధనం, పూత చేతిఖర్చు. ఏ కాలంలోనైనా మంచి పూత చేసిన పని తాను అరిగిపోవడమే. ఎండా, వానా, పక్షి రెట్టా, నీటి ఉప్పూ మొదట దాన్ని తినాలి. అది అయిపోగానే మళ్ళీ పూయాలి. ఎప్పటికీ తరగని పూత అని ఎవరైనా అంటే, ఆ మాట ఆ వస్తువు స్వభావానికే విరుద్ధం.

కనుక ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది కారు రంగు ఏ కాలానిదన్నది. పాత అంబాసిడర్‌కు లాకరు రంగు వేయించి ఉంటే దానికి గీకే డబ్బా అప్పుడప్పుడు అవసరం, ఆ వెంటనే మైనం తప్పనిసరి. క్లియర్ కోట్ ఉన్న కారుకు గీకడం చివరి ఉపాయం కావాలి. తర్వాత చూసేది శత్రువు ఎవరన్నది. విశాఖలో ఉప్పుగాలి, హైదరాబాదులో బోరునీటి తెల్లమచ్చలు, చెట్టు కింద నిలిపేవారికి పక్షులు. ఎండలో మెత్తబడిన రంగు రెట్ట చుట్టూ ఒదిగి, చల్లబడి, ఆ ఆకారంలోనే బిగుసుకుపోతుంది. ఏ పూత ఉన్నా దాన్ని ఆనాడే తడిపి తీసేయడానికి సాటిరాదు. మూడవది, మన ఓపిక. రెండు నెలలకొకసారి ఆదివారం ఉదయం ఇవ్వగలిగినవారికి మైనం చాలు, అందులో ఒక ఆనందం కూడా ఉంది. ఏడాదికి రెండుసార్లే వీలయితే సీలెంటు. నీడ లేక, తీరిక లేక, కారును చాలా ఏళ్ళు ఉంచుకునే ఉద్దేశం ఉంటే కోటింగ్ దండగ కాదు. వేసేవాడు ఎంత రంగు తీస్తున్నాడో అడిగి తెలుసుకోవాలి, అంతే. ఇక ఏది పూసినా, మట్టి ఉండగా పొడిగుడ్డతో తుడిచే అలవాటు మానకపోతే అన్నీ వృథా. మన కార్ల మీద ఎండలో సాలెగూడులా కనిపించే గీతల్లో అధికభాగం తుడిచినప్పుడు పడినవే.

ఆ రోజు షోరూములో నేను కోటింగ్ వద్దన్నాను. సీలెంటు కొనుక్కున్నాను. ఉగాదికొకసారి, దసరాకొకసారి నేనే పూస్తాను. గుడ్డను తిప్పి చూసుకుంటాను. తెల్లగానే ఉంటుంది. క్లియర్ కోట్ అరిగినా తెల్లగానే ఉంటుందని తెలిసి కూడా, చూసుకోవడం మానలేదు.

పద్మినిని నాన్నగారు 2001లో అమ్మేశారు. ఆ మచ్చకు ఆయన సన్నటి కుంచెతో నీలం దిద్దారు గాని ఆ నీలం ఈ నీలంతో కలవలేదు. కొనడానికి వచ్చినాయన బానెట్ చుట్టూ తిరిగి, వంగి, ఇదేమిటండీ అని అడిగాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. నాన్నగారు నావైపు చూడకుండానే, "మావాడు చిన్నప్పుడు కారు కడిగాడండీ" అన్నారు. ఆ మచ్చకు ఆయన ధరలో ఏమైనా తగ్గించుకున్నారో లేదో నేను అడగలేదు.